ఎక్స్ బిట్ ఎవరిని ఆపుతుంది?

ఇంజనీరింగ్ కాలేజీ లినక్స్ ల్యాబ్‌లో మొదటి షెల్ స్క్రిప్టు రాసినవాళ్లలో చాలామందికి యంత్రం ఇచ్చే తొలి జవాబు ‘పర్మిషన్ డినైడ్’. ఫైలు తమదే, రాసింది తామే, లోపల అక్షరం తప్పు లేదు. పక్క సీటువాళ్లు చెప్పే మందు ఎప్పుడూ ఒకటే: సీహెచ్‌మోడ్ ప్లస్ ఎక్స్ కొట్టు. కొడితే నడుస్తుంది. ఎందుకు నడిచిందో అడిగే తీరిక ల్యాబ్‌లో ఎవరికీ ఉండదు. నిజానికి ఆ మందు అక్కర్లేకుండా, ఫైలు పేరుకు ముందు ‘బాష్’ అని చేర్చి ఎంటర్ నొక్కినా అదే ఫైలు నిక్షేపంగా నడిచేది. వీధి గుమ్మం దగ్గర కుదరదన్న యంత్రం పెరటి గుమ్మం దగ్గర కిక్కురుమనకుండా లోపలికి రానిస్తుంది. ఇది ఎక్కడో దొర్లిన పొరపాటు కాదు. కట్టడమే అలా కట్టారు.

కంపైల్ చేసిన ప్రోగ్రాం ప్రాసెసర్‌కు తెలిసిన భాషలో ఉంటుంది. కెర్నెల్ దాన్ని మెమరీలోకి ఎక్కించి పగ్గాలు దానికే అప్పగిస్తుంది. స్క్రిప్టు అలా కాదు. అది వట్టి అక్షరాలు, ప్రాసెసర్‌కు అందులో ఒక్క ముక్కా అర్థం కాదు. బాష్ లాంటి షెల్ ఒకటి దాన్ని వరుసగా చదువుకుంటూ, చదివిందల్లా చేసుకుంటూ పోవాలి. కెర్నెల్ లెక్కలో నడుస్తున్నది బాష్. స్క్రిప్టు ఆ బాష్ తెరిచిన ఫైళ్లలో ఒకటి, అంతే. అలాంటప్పుడు స్క్రిప్టుకు నడిపే అనుమతి ఇవ్వడమంటే ఏమిటి, తీసేయడమంటే ఏమిటి? ఆపరేటింగ్ సిస్టమ్‌లు అర్ధశతాబ్దంగా దీనికి తలా ఒక జవాబు చెబుతున్నాయి. దాదాపు అన్నీ అనుమతిని ఫైలుకే తగిలించాయి: కొన్ని దాని బిట్లకు, కొన్ని దాని పేరుకు, కొన్ని అది ఎక్కడి నుంచి వచ్చిందన్న గుర్తుకు. అక్షరాలు ఆజ్ఞలుగా మారేది మాత్రం చదివే ప్రోగ్రాం చేతుల్లో. కాపలా అక్కడ ఉండాలన్న ఆలోచన ఇంత ఆలస్యంగా ఆచరణలోకి రావడమే ఈ చరిత్రలో నాకు వింతగా తోచే సంగతి.

1971 నవంబరు 3 తేదీ వేసిన మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే సీహెచ్‌మోడ్ ఉంది. అప్పటి అనుమతులు ఇప్పటికంటే పొదుపు. యజమానికి చదవడం, రాయడం. మిగతావాళ్లకు చదవడం, రాయడం. నడపడానికి మాత్రం అందరికీ కలిపి ఒకే బిట్, అదే ఎక్స్ బిట్. దానికి తోడు సెట్‌యూఐడీ అనే మరో బిట్. గ్రూపులు తర్వాత వచ్చి చేరాయి. యజమాని, గ్రూపు, ఇతరులు అంటూ మూడేసి చొప్పున తొమ్మిది బిట్ల పద్ధతి అప్పుడు స్థిరపడింది. నడిపే బిట్ మొదట్లో ఒక్కటే ఉండటాన్ని నేను చిన్న విషయంగా చూడను. ఎవరు నడపొచ్చు అన్నదానికంటే ఇది నడిపే వస్తువేనా అన్నదే ఆ బిట్‌తో చెప్పుకున్నారు. స్క్రిప్టుల వరకు అది ఈనాటికీ అంతకు మించి చెప్పడం లేదు.

ఆ రోజుల్లో కెర్నెల్‌కు స్క్రిప్టంటే ఏమిటో తెలియదు. షెల్ ఒక ఫైలును నడపమని అడుగుతుంది. ఎక్స్ బిట్ ఉన్నా సరే, మొదటి బైట్లలో ప్రోగ్రాం ఆనవాలు లేకపోతే కెర్నెల్ తిప్పి పంపేస్తుంది. ప్రోగ్రాం కాదట, అయితే స్క్రిప్టే అయ్యుంటుందని షెల్ తానే కూర్చుని చదవడం మొదలుపెడుతుంది. కెర్నెల్ కాదనడమే సైగగా పనికొచ్చిన ఈ ఏర్పాటు పోజిక్స్ ప్రమాణంలోని ఎగ్జెక్‌వీపీ, ఎగ్జెక్‌ఎల్‌పీ ఫంక్షన్లలో ఇప్పటికీ బతికే ఉంది. బర్క్‌లీలో సీ షెల్ పుట్టాక చిక్కు వచ్చింది. రెండు షెల్లు, రెండు వ్యాకరణాలు. ఏ ఫైలు ఎవరిది? సీ షెల్ మొదటి అక్షరం చూసేది. అది # అయితే తనది, కాకపోతే బోర్న్ షెల్‌ది అని ఊహించుకునేది. ఊహ మీద నడిచే వ్యవస్థ ఎంతకాలం నిలుస్తుంది?

బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ 1980 జనవరి 10న ఒక చిన్న ఉత్తరం రాసి ఆ ఊహకు స్వస్తి చెప్పాడు. ఫైలు #! గుర్తుతో మొదలైతే, ఆ వరుసలో ఆ తర్వాత ఉన్న ప్రోగ్రాంను ఇక కెర్నెలే పిలిచి స్క్రిప్టును దాని చేతికి ఇస్తుంది. అందరూ షెబాంగ్ అనే ఆ రెండక్షరాల పుట్టుక అదే. లాభాలేమిటో కూడా రిచీ రాశాడు. స్క్రిప్టులు అసలైన ప్రోగ్రాంలలాగే ఎగ్జెక్ కాల్‌కు లొంగుతాయి. నడుస్తున్న పనుల జాబితాలో షెల్ పేరు కాకుండా వాటి సొంత పేరు కనిపిస్తుంది. కొత్త షెల్లు పెట్టుకోవడం తేలికవుతుంది. స్క్రిప్టులను సెట్‌యూఐడీ కూడా చేసుకోవచ్చు. చివరి లాభం ఎంత నష్టం తెచ్చిందో కాసేపట్లో చూద్దాం.

ఇప్పుడు లినక్స్‌లో జరిగేదీ దాదాపు ఇదే. స్క్రిప్టు మీద ఎక్స్ బిట్ ఉందా అని కెర్నెల్ చూస్తుంది. మొదటి వరుస చదివి ఇంటర్‌ప్రెటర్ ఎవరో తెలుసుకుంటుంది. ఆ ఇంటర్‌ప్రెటర్‌కు నడిచే అనుమతి ఉందో లేదో చూసి, దాన్ని లేపి, స్క్రిప్టు పేరు చెవిన వేస్తుంది. అక్కడితో కెర్నెల్ పాత్ర అయిపోయింది. ఇంటర్‌ప్రెటర్ ఆ పేరు పట్టుకుని ఫైలును మళ్లీ తానే తెరుస్తుంది, అందుకు చదివే అనుమతి కావాలి. ల్యాబ్‌లో ఎవరూ చెప్పని విచిత్రాలన్నీ ఈ రెండో తెరవడంలోనే ఉన్నాయి. ఇతరులకు నడపడం తప్ప ఏదీ ఇవ్వని 711 మోడ్ పెట్టిన బైనరీని ఇతరులు హాయిగా నడుపుతారు, చదవలేరు. అదే 711 స్క్రిప్టు మీద పెడితే కెర్నెల్ సరేనంటుంది కానీ షెల్ ఫైలు తెరవలేక చతికిలపడుతుంది. అందరికీ చదవడం మాత్రమే ఇచ్చే 444 పెడితే నేరుగా నడవదు, బాష్ చేతికిస్తే నడుస్తుంది. అంటే బైనరీకి ఎక్స్ ఒక్కటే చాలు. స్క్రిప్టును పేరుతో పిలవాలంటే ఆర్, ఎక్స్ రెండూ కావాలి. షెల్ ద్వారా పిలిస్తే ఆర్ ఒక్కటే చాలు. లోపల ఏముందో కనపడకుండా నడపనివ్వాలనే కోరిక యూనిక్స్ స్క్రిప్టుకు తీరేది కాదు.

రూట్ సంగతి ఇంకా ఆసక్తికరం. రూట్‌కు ఏ ఫైలైనా చదివే, రాసే అధికారం ఉంది, బిట్లు ఏం చెప్పినా ఖాతరు లేదు. నడపడానికి వచ్చేసరికి మాత్రం మూడు ఎక్స్ బిట్లలో కనీసం ఒకటైనా ఉండాలని లినక్స్ పట్టుబడుతుంది. ఒక్కటీ లేకపోతే రూట్‌కూ అదే ‘పర్మిషన్ డినైడ్’. సర్వాధికారిని ఆపగల తాళం అని దీన్ని అనుకుంటే పొరపాటే, ఎందుకంటే అదే రూట్ మరుక్షణం ఆ బిట్ పెట్టుకోగలడు. ఇది నడపాలని ఎవరైనా ఎప్పుడైనా అనుకున్నారా అని కెర్నెల్ అడుగుతున్న ప్రశ్న ఇది. ఎడిటర్లు కొత్త ఫైలును ఎక్స్ లేని 666 కోరుతూ సృష్టిస్తాయి. యూమాస్క్ అందులోంచి తీసేయగలదే తప్ప ఎక్స్ చేర్చలేదు. లింకర్ తాను తయారుచేసిన బైనరీకి ఎక్స్ తానే పెడుతుంది. అందువల్ల స్క్రిప్టు మీది ఎక్స్ వెనక దాదాపు ఎప్పుడూ ఒక మనిషి నిర్ణయం ఉంటుంది. ఈ లక్షణాన్ని నేను మెచ్చుకుంటాను. దీన్ని భద్రత అని పిలవడానికి మాత్రం ఒప్పుకోను.

రిచీ చెప్పిన ఆ చివరి లాభానికి వద్దాం. సెట్‌యూఐడీ ఆయన సొంత ఆవిష్కరణ. 1979లో అమెరికా పేటెంటు కూడా వచ్చింది. నడిపినవాడు ఎవరైనా, ప్రోగ్రాం దాని యజమాని అధికారంతో నడుస్తుంది. మామూలు వినియోగదారు తన పాస్‌వర్డ్ మార్చుకోగలుగుతున్నది దీని పుణ్యమే. స్క్రిప్టుకు ఈ బిట్ పెట్టినప్పుడు పైన చెప్పిన రెండో తెరవడం ప్రాణం మీదికి తెస్తుంది. ఒకడు రూట్‌కు చెందిన సెట్‌యూఐడీ స్క్రిప్టుకు సింబాలిక్ లింకు చేసుకుని, ఆ లింకు పేరుతో నడుపుతాడు. కెర్నెల్ లింకు వెంట వెళ్లి అసలు స్క్రిప్టును, దాని బిట్‌ను చూసి, రూట్ అధికారంతో షెల్‌ను లేపి లింకు పేరు చేతికిస్తుంది. షెల్ ఆ పేరును తెరిచేలోపు వాడు లింకును తన సొంత ఫైలు మీదికి మళ్లించేస్తాడు. అంతే, వాడు రాసిన అక్షరాలు రూట్ హోదాలో నడుస్తాయి. ఒకసారి గురి తప్పినా నష్టం లేదు, కుదిరేదాకా మళ్లీ మళ్లీ ప్రయత్నించవచ్చు.

దీనికి సిస్టమ్‌లు చెప్పిన జవాబులు వాటి స్వభావాలను పట్టిస్తాయి. లినక్స్ స్క్రిప్టుల మీది సెట్‌యూఐడీ బిట్‌ను చడీచప్పుడు లేకుండా పక్కన పెడుతుంది. బిట్ కనిపిస్తుంది కానీ పనిచేయదు, దీంతో ఎందరో తలలు పట్టుకున్నారు. మాక్‌ఓఎస్ ఒక కెర్నెల్ మీట పెట్టి దాన్ని మామూలుగా ఆపి ఉంచింది. నెట్‌బీఎస్‌డీ కెర్నెల్ కట్టుకునేటప్పుడు కావాలంటే పెట్టుకోమంది. సొలారిస్ అసలు జబ్బుకే మందు వేసింది: పేరు ఇవ్వడం మానేసి, తాను అప్పటికే తెరిచిన ఫైలునే /డెవ్/ఎఫ్‌డీ దారిలో షెల్ చేతికి అందించింది. మళ్లీ తెరవడమే లేకపోతే మార్చడానికి సందెక్కడిది? వీటన్నిటిలో నాకు నచ్చిన పరిష్కారం అదే. అయినా పాత్, ఐఎఫ్‌ఎస్ లాంటి ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లతో షెల్‌ను దారి తప్పించే ఉపాయాలు మిగిలే ఉంటాయి. పెర్ల్ వాళ్లు ఈ పని కోసమే సూయిడ్‌పెర్ల్ అనే ప్రత్యేక ప్రోగ్రాంను ఏళ్ల తరబడి మోసి, 2010లో 5.12 విడుదలతో వదిలించుకున్నారు. ఈ అవసరాన్ని చాలాచోట్ల ఇప్పుడు సూడో తీరుస్తోంది.

యూనిక్స్ బయట వేరే దారులూ తొక్కారు. అమిగా వాళ్లు స్క్రిప్టుకు ‘ఎస్’ అనే సొంత బిట్ ఇచ్చారు. ఆ బిట్ ఉన్న ఫైలును పేరుతో పిలిస్తే, షెల్ దాన్ని స్క్రిప్టుగా గుర్తించి తానే నడిపేది. స్క్రిప్టూ బైనరీ ఒకటి కాదని ఫైలు సిస్టమ్ స్థాయిలోనే ఒప్పుకున్న ఆ నిజాయితీ ముచ్చటగా ఉంటుంది. వీఎంఎస్‌లో ఎగ్జిక్యూట్ అనుమతి అంటే ప్రోగ్రాంలతోపాటు డీసీఎల్ కమాండ్ ప్రొసీజర్లకూ వర్తించేదని దాని మాన్యువళ్లే చెబుతాయి. ఈ రెండు పద్ధతులూ ఆ సిస్టమ్‌ల బయటికి పెద్దగా పాకలేదు.

నిలిచి గెలిచిన రెండో దారి పేరు చూసి నిర్ణయించేది. డాస్‌లో పేరు చివర కామ్, ఈఎక్స్‌ఈ, బ్యాట్ ఉందంటే నడుస్తుంది, వేరే బిట్ లేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ వచ్చాక విండోస్ ఫైళ్లకు ఎగ్జిక్యూట్ హక్కు విడిగా ఏర్పడింది కానీ, అది పై ఫోల్డరు నుంచి వారసత్వంగా దిగిపోతుంది కాబట్టి ఎవరూ ప్రత్యేకంగా ఇవ్వాల్సిన పని పడలేదు. యూనిక్స్‌లో మనిషి కావాలని చేసే ఆ ఒక్క పని ఇక్కడ మాయమైంది. దాని ఖరీదు 2000 మే 4న తెలిసింది. ఫిలిప్పీన్స్ నుంచి బయల్దేరిన ‘ఐ లవ్ యూ’ వార్మ్ టీఎక్స్‌టీ డాట్ వీబీఎస్ అనే జంట తోకతో వచ్చింది. విండోస్ చివరి తోకను దాచిపెట్టి చూపించడంతో జనానికి అది ప్రేమలేఖగానే కనిపించింది. డబుల్ క్లిక్ చేసినవాళ్లు చదవబోతున్నామనుకున్నారు. విండోస్ నడపమన్నారనుకుంది.

2006 నవంబరులో పవర్‌షెల్ వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ ఆ పాఠాన్ని మరీ గట్టిగా వంటబట్టించుకుంది. స్క్రిప్టును డబుల్ క్లిక్ చేస్తే నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. విండోస్ క్లయింట్లలో ఎగ్జిక్యూషన్ పాలసీ మామూలుగా రిస్ట్రిక్టెడ్, అంటే ఏ స్క్రిప్టూ నడవదు. సర్వర్లలో 2012 ఆర్2 నుంచి రిమోట్‌సైన్డ్: ఇంటర్నెట్ నుంచి దిగిన స్క్రిప్టుకు సంతకం ఉండాలి. గంభీరంగానే ఉంది. కానీ పవర్‌షెల్‌ను పిలిచేటప్పుడే బైపాస్ అని ఒక మాట చేర్చితే ఈ పాలసీ పక్కకు జరుగుతుంది, ఫైల్లోని అక్షరాలను కాపీ చేసి కన్సోల్‌లో అతికించినా సరిపోతుంది. ఇది భద్రతా కవచం కాదు, పొరపాటున నడపకుండా ఆపే ఏర్పాటు మాత్రమే అని మైక్రోసాఫ్ట్ పత్రాలే చెబుతాయి. లినక్స్ మీద నడిచే పవర్‌షెల్‌లో పాలసీ ఎప్పుడూ అన్‌రిస్ట్రిక్టెడే. తిరిగి తిరిగి యూనిక్స్ ఎక్స్ బిట్ ఉన్నచోటికే వచ్చారన్నమాట: ఉద్దేశం తెలిపే గుర్తు, అంతే.

మూడో దారి పుట్టుపూర్వోత్తరాలు అడగడం. విండోస్ బ్రౌజర్లు దించిన ఫైలుకు జోన్ ఐడెంటిఫయర్ అనే కనపడని చీటీ అంటిస్తాయి. మాక్ 2007లో లెపర్డ్‌తో క్వారంటైన్ గుర్తు తెచ్చింది, 2012లో గేట్‌కీపర్‌ను దానికి తోడు చేసింది. ఈ దారిలోనూ స్క్రిప్టే గట్టిగా దెబ్బ కొట్టింది. మాక్ ఆప్ అంటే నిజానికి ఒక ఫోల్డరు, దాని ముఖ్య ప్రోగ్రాం బైనరీయే కావాలన్న నియమం లేదు. 2021లో సెడ్రిక్ ఓవెన్స్ అనే పరిశోధకుడు ఒక లొసుగు బయటపెట్టాడు. ముఖ్య ప్రోగ్రాంగా షెల్ స్క్రిప్టు పెట్టి, ఆప్ వివరాల ఫైలును తీసేస్తే, సిస్టమ్ దాన్ని ఆప్‌గా లెక్కించక తనిఖీలన్నీ దాటించేది. హెచ్చరిక లేదు, సంతకం అడగలేదు. అప్పటికే ష్లేయర్ మాల్వేర్ దీన్ని వాడుకుంటోందని తేలింది. ఏప్రిల్‌లో వచ్చిన మాక్‌ఓఎస్ 11.3 ఆ దారి మూసింది.

ఫోన్లలోనూ ఇలాంటి కథే. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఆ వెర్షన్‌ను లక్ష్యంగా పెట్టుకున్న ఆప్‌లు తమ సొంత డేటా ఫోల్డరులోని ఫైళ్లను ఎగ్జెక్ చేయలేవు. ఫోన్‌లో లినక్స్ నేర్చుకునే కుర్రకారుకు ఇష్టమైన టెర్మక్స్ అందుకే పాత 28వ ఏపీఐని పట్టుకుని వేలాడింది. విచిత్రం ఏమిటంటే ఈ నిషేధం కంపైల్ చేసిన ప్రోగ్రాంను ఆపుతుంది. స్క్రిప్టును సిస్టమ్ షెల్ చేతికి చదవమని ఇస్తే అది అడ్డురాదు.

ఇక ఈ బిట్ ప్రయాణంలో పడే పాట్లు. గిట్ తొమ్మిది బిట్లనూ మోయదు. మామూలు ఫైళ్లకు 644, 755 అనే రెండే మోడ్‌లు గుర్తుపెట్టుకుంటుంది, అంటే ఎక్స్ ఉందా లేదా అన్నంతే. విండోస్ ల్యాప్‌టాప్ మీద కొత్త స్క్రిప్టు రాసి కమిట్ చేస్తే 644గా నమోదవుతుంది. హైదరాబాద్‌లో రాసింది ఎక్కడో లినక్స్ సర్వరు మీద డిప్లాయ్ అయ్యేటప్పుడు ‘పర్మిషన్ డినైడ్’ అని ఆగుతుంది. గిట్ యాడ్‌కే సీహెచ్‌మోడ్ ఆప్షన్ ఉందని తెలియక బిల్డ్ ఫైల్లో ఒక సీహెచ్‌మోడ్ వరుస ఇరికించి గట్టెక్కే టీములే ఎక్కువ. అదే ల్యాప్‌టాప్ వరుస చివర కనపడని సీఆర్ అక్షరం చేర్చితే, షెబాంగ్‌లోని ఇంటర్‌ప్రెటర్ పేరుకు అది అతుక్కుని ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అనే ఇంకో రోగం. పెన్‌డ్రైవ్‌లోని ఫ్యాట్‌కు ఈ బిట్లే లేవు. లినక్స్ మౌంట్ చేసేటప్పుడు అన్ని ఫైళ్లకూ ఒకే మోడ్ పులిమేస్తుంది. షోఎగ్జెక్ ఆప్షన్ ఇస్తే ఈఎక్స్‌ఈ, కామ్, బ్యాట్ తోకలున్న వాటికే ఎక్స్ చూపిస్తుంది. యూనిక్స్ కుటుంబపు కెర్నెల్ డాస్ పద్ధతిలో పేరు చూసి అనుమతి తేల్చే అరుదైన చోటు అది. టార్ మోడ్‌ను మోసుకెళ్తుంది, వెబ్ డౌన్‌లోడ్ మోసుకెళ్లదు. కర్ల్‌తో తెచ్చింది తెచ్చినట్టే షెల్‌లోకి పైపు చేస్తే ఇక ఫైలే లేదు. బిట్ తగిలించడానికి కొయ్య కూడా మిగలదు.

సర్వర్లు చూసుకునేవాళ్లు చాలాకాలం నమ్ముకున్న ఉపాయం నోఎగ్జెక్ మౌంట్. తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీని అలా మౌంట్ చేస్తే అందులోంచి ఏదీ ఎగ్జెక్ కాదు. బైనరీలకు అది గట్టి అడ్డే. ల్యాబ్‌లో కనపడిన పెరటి గుమ్మం ఇక్కడా తెరిచే ఉంది: బాష్‌కు పేరు చెబితే చదువుకుంటుంది. క్రోమ్‌ఓఎస్ ఈ లొసుగును తన షెల్‌లోనే పూడ్చింది. నోఎగ్జెక్ మౌంట్ నుంచి స్క్రిప్టు చదవమంటే దాని షెల్ కాదంటుంది.

అదే ఆలోచనను అందరికీ అందేలా కెర్నెల్‌లోకి తేవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఫ్రాన్స్ ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ ఏఎన్‌ఎస్‌ఎస్‌ఐ తన క్లిప్ ఓఎస్‌లో దీన్ని ముందే వాడింది. మికాయెల్ సలావున్ 2018 నుంచి ఓ_మేఎగ్జెక్ పేరుతో ప్యాచ్‌లు పంపుతూ, అభ్యంతరాలు వచ్చినప్పుడల్లా రూపం మారుస్తూ వచ్చాడు. పైతాన్ 2019లోనే తన 3.8 విడుదలలో కోడ్ కోసం తెరిచే ఫైలుకు విడి ఫంక్షన్ పెట్టి తనవైపు సిద్ధమైంది. చివరికి 2025 మార్చిలో విడుదలైన లినక్స్ 6.14లో ఇది చేరింది. ఇంటర్‌ప్రెటర్ ఫైలు తెరిచాక, దీన్ని నేరుగా నడపమని అడిగితే ఒప్పుకుంటావా అని ఎగ్జెక్‌వీఈఎట్ కాల్‌తో కెర్నెల్‌ను వాకబు చేస్తుంది. కెర్నెల్ ఎక్స్ బిట్, మౌంట్ నియమాలు, సెక్యూరిటీ మాడ్యూళ్లు అన్నీ చూసి అవునో కాదో చెబుతుంది, ఏదీ నడపదు. ఈ జవాబుకు కట్టుబడాలా, కమాండ్ లైన్‌లోనో పైపులోనో వచ్చిన అక్షరాలను కూడా తోసిపుచ్చాలా అన్నది ప్రాసెస్‌కు పెట్టే రెండు సెక్యూర్‌బిట్‌లు తేలుస్తాయి.

యంత్రాంగం సరైన చోటికి చేరింది. పని మాత్రం మిగిలే ఉంది. అడగడం ఇంటర్‌ప్రెటర్ బాధ్యత, అడగని దాన్ని ఇది ఆపలేదు. బాష్, పెర్ల్ ఒప్పుకున్నా ఆక్, మేక్ ఉన్నాయి, తమలోనే చిన్న భాషలు దాచుకున్న ఎడిటర్లున్నాయి. అంతకంటే మొండి సమస్య అలవాటుది. టెర్మినల్ తెరవగానే బాష్ చదివే బాష్‌ఆర్‌సీ ఫైలు మీద ఎక్స్ బిట్ ఉండదు, ఎన్నడూ అవసరం పడలేదు. పైతాన్ ఇంపోర్ట్ చేసుకునే లైబ్రరీ ఫైళ్లదీ మామూలుగా 644 మోడే. చదివి నడిపే ప్రతి ఫైలుకూ కెర్నెల్ అనుమతి కావాలని ఖచ్చితంగా పట్టుబడితే ఇవన్నీ మొదటి రోజే ఆగిపోతాయి. ఆగకుండా ఉండాలంటే డిస్ట్రిబ్యూషన్లు వాటన్నిటికీ టోకున ఎక్స్ బిట్ పెట్టుకుంటూ పోవాలి. అందుకే ఇది ముందుగా పనికొచ్చేది, ఏ ఫైళ్లు ఉంటాయో కట్టినవాళ్లకే ముందుగా తెలిసిన రౌటర్లు, కియోస్కుల వంటి బిగించిన యంత్రాల్లో అని నా అంచనా. విద్యార్థి ల్యాప్‌టాప్‌లో బాష్ మరికొన్నేళ్లు ఎవరినీ అడగకుండానే చదువుతూ ఉంటుంది.